ఎట్టా పంపానో అట్టా

మా ఊరి బడిలో మూడు నెలల పాటు పిల్లలకి ఒక్క కొత్త అక్షరం కూడా రాకుండా టీచర్లు కాపలా కాశారు. దీనికి కారణం పెద్ద పెద్ద ఆఫీసర్లని ఊళ్ళో అనుకుంటారు. కాదు. కారణం నేను. నా చేతిరాతే సాక్ష్యం. హెడ్మాస్టరు గదిలో అద్దాల ఫ్రేములో వేలాడుతోంది, కావాలంటే వెళ్ళి చూసుకోవచ్చు.

నా పేరు మాలకొండమ్మ. పుట్టింటి ఊళ్ళో ఎనిమిదో తరగతి దాకా చదివాను. తొమ్మిదో తరగతి బడి పక్క ఊళ్ళో ఉండేది, దారిలో ఒక కాలవ ఉండేది, ఆ కాలవలో నేను పడిపోతానని మా అమ్మకి రోజూ అనిపించేది. అందుకని అక్కడితో ఆగాను. ఆ కాలవలో నీళ్ళు మోకాలి దాకా కూడా ఉండవు. మా ఇంట్లో భయం, ముక్కుపుడక లాగా, తల్లి నుంచి కూతురికి వస్తుంది.

వసారాలో మిషను పెట్టుకుని జాకెట్లు, బడిపిల్లల యూనిఫారాలు కుడతాను. మా ఆయన పెంచలయ్యకి రోడ్డు మీద పంచర్ షాపు. మాకు ఒక్కతే కూతురు లాస్య, రెండో తరగతి. అది బడికి వెళ్ళిన దగ్గర్నుంచి వచ్చేదాకా నా మిషను కాళ్ళతో నడుస్తుంది గానీ నా మనసు బడి గేటు దగ్గరే ఉంటుంది. అంబులెన్సు కూత వినిపిస్తే దారం తెంపి చెప్పులు వేసుకుంటాను. బస్సు హారను ఎక్కువసేపు మోగితే తలుపుకి తాళం వేస్తాను. ఏ చప్పుడూ వినిపించకపోతే మరీ భయం. ఊరంతా బడి దగ్గరికి పరిగెత్తి ఉంటుంది, నాకు మాత్రం ఎవరూ చెప్పలేదు అనుకుంటాను.

జూన్ ఆఖర్లో ఒక సాయంత్రం లాస్య నవ్వుకుంటూ ఇంటికి వచ్చింది. కింది వరసలో ముందు పన్ను లేదు.

"పన్నేదే?" అన్నాను.

"ఊడిపోయింది మా. ఎస్తేరు టీచరు మిద్దె మీదికి ఇసిరేసింది. అట్టా ఏస్తే కొత్తది తొందరగా వొస్తదంట."

"ఊడిందా, ఊడగొట్టారా?"

"బఠాణీలు నవిలా మా."

"బఠాణీలు ఎవురిచ్చారు? ఎందుకిచ్చారు?"

మా ఆయన చేతులు కడుక్కుంటూ అన్నాడు. "పాలపన్నే అది. నాకూ ఊడినయ్యి, నీకూ ఊడినయ్యి."

"మనకి ఇంట్లో ఊడినయ్యి," అన్నాను.

ఎస్తేరు టీచరు ఆ బడిలో పదకొండేళ్ళుగా రెండో తరగతికి చెబుతోంది. చదవడం రాని పిల్లల్ని అన్నాల బెల్లు కొట్టాక తన పక్కన కూర్చోబెట్టుకుని, బువ్వ తింటూనే అక్షరాలు చెప్పేది. మా లాస్య అందులో మొదటి వరస. దానికి 'క'కీ 'గ'కీ తేడా తెలిసేది కాదు. అంత మంచి టీచరు మీద నాకు కోపం ఏమీ లేదు. భయం మాత్రమే. ఇవాళ పన్ను పోయింది, రేపు ఏం పోతుందో.

కొలతలు రాసుకునే నోట్‌బుక్కులోంచి ఒక కాగితం చింపి ఇలా రాశాను:

"అయ్యా, నా పిల్లను పొద్దున ఇరవై పళ్ళతో పంపించాను. సాయంత్రం పందొమ్మిదితో వచ్చింది. పిల్లలకు టీచర్లే బాధ్యులు. ఎట్టా పంపానో అట్టా నాకు తిరిగి అప్పగించాలి. ఇట్లు, ఒక తల్లి."

బడి వరండాలో సలహాల పెట్టె ఒకటి ఉంది. దాని తాళం చెవి పోయి ఆరేళ్ళయిందని ఊరందరికీ తెలుసు. నా ధైర్యమంతా ఆ తాళం చెవి మీదే. కాగితం అందులో వేసి ఇంటికి వచ్చి, మనసు తేలికపడి, రెండు జాకెట్లు కుట్టాను.

ఆ వారమే 'బాధ్యతా వారోత్సవాలు' వచ్చాయి. పెట్టె పగలగొట్టారు.

అందులో మూడు బల్లి గుడ్లు, ఒక కాగితం ఉన్నాయి. ఫిర్యాదులన్నీ లెక్కపెట్టగా, నూటికి నూరు శాతం తల్లిదండ్రులు పళ్ళ విషయంలో తీవ్ర ఆందోళనతో ఉన్నట్లు తేలింది. పేరు రాయకపోయినా నన్ను పట్టుకోవడం కష్టం కాలేదు. కాగితం వెనక కిరాణా కొట్టు రాజేశ్వరి జాకెట్టు కొలతలు ఉన్నాయి. ఆ కొలతలు ఎవరివో ఊళ్ళో ఆడవాళ్ళు ఇట్టే చెప్పేశారు.

బడి నుంచి కబురు వచ్చినప్పుడు నేను సంచిలో ఒక చీర, దువ్వెన, పళ్ళపొడి పెట్టుకుని వెళ్ళాను. స్టేషన్లో ఎన్నాళ్ళు ఉంచుతారో తెలియదు గదా. తీరా చూస్తే షామియానా వేసి ఉంది. నా మెడలో దండ వేశారు. వేసినాయన విద్యార్థి బాధ్యతల ప్రత్యేకాధికారి పరాంకుశం గారు. తెల్ల చొక్కా, జేబులో మూడు పెన్నులు, మాట్లాడే ముందు కళ్ళు మూసుకునే అలవాటు.

"మేము నాలుగు కమిటీలు వేసి సాధింపలేనిది ఈ మాతృమూర్తి నాలుగు వాక్యములలో సాధించినారు," అన్నారాయన కళ్ళు మూసుకుని. "బాధ్యత అనగా నేమి? అను ప్రశ్నకు నేటి వరకు విద్యాశాఖలో నిర్వచనము లేదు. నేడు లభించినది. స్వీకరించిన దానిని స్వీకరించిన స్థితిలో ప్రత్యర్పణము గావించుటయే బాధ్యత!"

వెనక వరసలో మా ఆయన పక్కవాణ్ణి అడిగాడు. "ఏం గావించటమంట?"

"తిరిగి ఇయ్యటమంట."

"ఆ ముక్క తెలుగులో చెప్పొచ్చుగా."

అలా పుట్టింది 'యథాతథ' పథకం. ప్రయోగం కోసం మా బడినే ఎంచుకున్నారు. పొద్దున తల్లి 'స్వీకరణ పత్రం' నింపి పిల్లని ఇవ్వాలి, సాయంత్రం టీచరు 'ప్రత్యర్పణ పత్రం' నింపి తిరిగి ఇవ్వాలి. రెండూ సరిపోవాలి. తల్లి రాసినదే ప్రమాణం. దానితో విభేదించే అధికారం ఎవరికీ లేదు. సాయంత్రానికి ఏదైనా తగ్గితే అది లోటు. లోటుకి కారణం నిర్లక్ష్యం కాబట్టి ఏప్రిల్ లోపల పూడ్చి ఇవ్వవచ్చు. ఏదైనా పెరిగితే అది అదనం. అదనానికి కారణం దురుద్దేశం కాబట్టి వెంటనే మెమో. మూడు మెమోలు అయితే కొండ కింద నలుగురు పిల్లలున్న బడికి బదిలీ.

నాకు 'మాతృ ప్రతినిధి' అని బిళ్ళ ఇచ్చారు. ఇంటికి వచ్చి అద్దంలో చూసుకున్నాను. పిన్ను గుచ్చుకుని సెప్టిక్ అవుతుందేమోనని వెంటనే తీసేశాను.

మొదటి మెమో ఎస్తేరు టీచరుకే వచ్చింది, పథకం పుట్టకముందే పథకాన్ని ఉల్లంఘించినందుకు. పోయిన పన్ను స్వాధీనం చేసుకోవడానికి ఒక కమిటీ నిచ్చెన వేసుకుని బడి మిద్దె ఎక్కింది. పదకొండేళ్ళుగా ఎస్తేరు టీచరు విసిరిన పళ్ళన్నీ అక్కడే ఉన్నాయి. కమిటీకి ఇరవై ఆరు దొరికాయి. ఒక పళ్ళెంలో పోసి నా ముందు పెట్టారు.

"గుర్తించి తీసుకొనవలెను," అన్నారు.

నేను కళ్ళు మూసుకుని ఒకటి తీశాను. ఇంటికి తీసుకొస్తే లాస్య చూసి, "ఇది నాది కాదు మా, దీనికి పుప్పి ఉంది," అంది. ఇప్పటికీ ఆ పన్ను మా ఇంట్లో గుండీల డబ్బాలో ఉంది. ఎవరిదో తెలియదు, పారేయడానికి భయం.

ఆగస్టు ఒకటో తేదీ పొద్దున బడి గేటు దగ్గర వరస రోడ్డు దాకా వచ్చింది. పత్రంలో ఇరవై నాలుగు గళ్ళు. ఎత్తు, బరువు, పళ్ళు, పాత దెబ్బలు, కొత్త దెబ్బలు, గుండీలు, జడలు, జడలకి రిబ్బన్లు. టీచర్లు నా దగ్గర ఉన్న రెండు టేపులూ పట్టుకెళ్ళారు. ఒక్కొక్క పిల్లని కొలిచి, తూచి, నోరు తెరిపించి లెక్కపెట్టేసరికి అన్నాల బెల్లు కొట్టారు. అన్నం తినగానే తిరిగి అప్పగించడానికి మళ్ళీ కొలవడం మొదలుపెట్టారు.

అన్నంతోనే చిక్కు వచ్చింది. పొద్దున పంతొమ్మిది కేజీలున్న పిల్లాడు సాయంత్రం పంతొమ్మిదింబావు తూగాడు. అదనం! పరాంకుశం గారు 'భోజన మినహాయింపు' కింద రెండు వందల గ్రాములు ఒప్పుకున్నారు. ఆ రోజు నుంచి ఏ పిల్లాడైనా "సాంబారు ఇంకో గరిటె" అంటే హెడ్మాస్టరు అంకయ్య గారికి చెమటలు పట్టేవి.

"ఒద్దు నాయనా," అనేవారు బతిమాలుతూ. "ఇంటికిపోయి తిను. అక్కడ ఎంత పెరిగినా నీ ఇష్టం."

రెండో మెమో కూడా ఎస్తేరు టీచరుకే. ఒక పిల్ల జడ ఊడి కళ్ళ మీద పడుతుంటే తన సంచిలోంచి రిబ్బను తీసి కట్టింది. సాయంత్రం పత్రంలో 'అదనపు రిబ్బను ఒకటి' అని తేలింది. దురుద్దేశమేమిటో వివరించమన్నారు. "జుట్టు కళ్ళలో పడుతున్నది," అని ఆమె రాసిచ్చింది. సమాధానం సంతృప్తికరంగా లేదన్నారు.

ఇవన్నీ చూస్తూ నేనేం చేశాను? నిజం చెప్పాలి. నిశ్చింతగా ఉన్నాను. పొద్దున రాసిన గళ్ళు సాయంత్రం సరిపోతుంటే, పెళ్ళయిన ఇన్నేళ్ళలో మొదటిసారి అంబులెన్సు కూత విని కూడా కుట్టు ఆపలేదు.

అసలు మలుపు ఇరవై ఐదో గడి. ఎవరో తండ్రి వచ్చి, తన కొడుకు సాయంత్రం ఇంటికొచ్చి తమ కొట్టు బోర్డు మీద రాసిన లెక్క తప్పని నలుగురిలో అన్నాడనీ, పొద్దున పంపినప్పుడు వాడికి అంత తెలివి లేదనీ చెప్పాడు. వారం లోపల సర్క్యులర్ వచ్చింది: "తెలివితేటలు విద్యార్థి శరీరములో భాగమే గనుక, వానిని సైతము యథాతథముగా ప్రత్యర్పణము చేయవలెను." ఇరవై ఐదో గడి పేరు 'తెలిసినవి'.

నేను లాస్య పత్రంలో రాశాను: అచ్చులు వచ్చును. హల్లులు సగం వచ్చును. రెండో ఎక్కం వచ్చును. చదవడం రాదు.

ఆ రోజు నుంచి బడిలో చదువు ఆగిపోయింది. ఆగిపోయిందంటే చిన్న మాట, ఆపడానికి టీచర్లు పడ్డ కష్టం చదువు చెప్పడానికి కూడా ఎప్పుడూ పడి ఉండరు. నల్లబల్లకి దుప్పటి కప్పారు. చార్టులన్నీ గోడ వైపు తిప్పారు. వంటగది మీద 'వంటగది' అన్న మాటకి సున్నం కొట్టారు. అయినా పిల్లలు పిల్లలే గదా, ఎక్కడో ఒకచోట ఏదో ఒకటి చూసేస్తారు. అంకయ్య గారు కర్ర పట్టుకుని వరండాలో తిరిగేవారు.

"పాపా, అటు చూడబాక, అక్కడ 'అ' ఉంది!"

ఒక పిల్లాడు ఆయన్ని అడిగాడట, "సార్, వాన ఎట్టా పడుద్ది?" అని.

"నాకు తెలీదు నాయనా," అన్నారట ఆయన అటూ ఇటూ చూసి. "తెలిసినా చెప్పను."

అక్టోబరు నాటికి మా బడి రాష్ట్రంలోనే మొదటి 'శూన్య అదన పాఠశాల' అయింది. ఆ సంగతి నేను గొప్పగా మా ఆయనకి చెప్పాను. ఆయన ట్యూబుని నీళ్ళ తొట్టిలో ముంచి బుడగలు చూస్తున్నాడు.

"గాలి పోయిన టైరు తెచ్చినోడికి గాలి పోయిన టైరే చేతిలో పెట్టి, చూసుకో అన్నా, ఎట్టా తెచ్చావో అట్టాగే ఉంది అంటే, వాడు నన్ను ఏం చేస్తాడు?"

"అది టైరు, ఇది పిల్ల."

"నేనూ అదే అంటన్నా," అన్నాడు.

మర్నాడు పొద్దున పత్రం రాస్తుంటే చెయ్యి దానంతటదే రాసుకుపోయింది. అచ్చులు వచ్చును. హల్లులు సగం వచ్చును. పాత పత్రాలు తీసి చూశాను. అరవై మూడు పత్రాలు, అన్నిట్లో అవే మాటలు. నేను కుట్టిన గుడ్డ కూడా రెండు ఉతుకులకి మారుతుంది. నా పిల్ల మారలేదు. ఇన్నాళ్ళూ దానికి ఏమవుతుందోనని భయపడ్డాను. ఏమీ అవకపోతే ఎట్లా అని మొదటిసారి భయం వేసింది.

ఆ శూన్యానికి బహుమతి ఇవ్వడానికి పరాంకుశం గారు నవంబరులో వచ్చారు. మాతృ ప్రతినిధిని కాబట్టి నేనూ పక్కనే నిలబడ్డాను. నా ఉత్తరాన్ని ఫ్రేము కట్టించి తెచ్చారు. ముందు వరసలో ఉన్న పిల్లని చూసి ముద్దుగా అడిగారు. ఆ పిల్ల లాస్యే.

"పాపా, ఇది ఏమియో తెలియునా?"

లాస్య ఫ్రేము వైపు చూసింది. వేలు పెట్టుకుని మొదలుపెట్టింది.

"అ-య్యా. నా... పిల్లను... పొద్దున... ఇరవై పళ్ళతో... పంపిం-చాను."

ఆపలేదు. చివరిదాకా చదివింది. 'ఇట్లు, ఒక తల్లి' దగ్గర ఆగి నా వైపు చూసి, "మా, ఇది నువ్వేగా?" అంది.

నాకు ఏడుపొచ్చింది. అది సంతోషమో భయమో ఇప్పటికీ తేల్చుకోలేదు. పరాంకుశం గారు పొద్దుటి పత్రం తెప్పించి చూశారు. 'చదవడం రాదు.' నా అక్షరాలే.

"ఈ అదనమునకు బాధ్యులెవరు?"

"నేనే సార్," అంది ఎస్తేరు టీచరు.

"బల్లకు దుప్పటి గలదు. చార్టులు త్రిప్పబడినవి. ఏ సాధనముతో చదివించినారు?"

"మీ ఫారాలతోనే సార్. ఇంక బళ్ళో చదవటానికి ఏం మిగిలింది? రోజుకి రెండు ఫారాలు. అన్నాల బెల్లు కొట్టినాక పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని అయ్యే చదివించా. రాత రాతేగా సార్, ఎవురు అచ్చు కొట్టిస్తే ఏంది?"

మూడో మెమో అక్కడికక్కడే రాశారు. పది రోజుల్లో విచారణ. సాక్షిని నేను. పొద్దుటి పత్రంలో నేను రాసింది నిజమేనని చెబితే చాలు, ఎస్తేరు టీచరు కొండ కిందికి వెళ్ళిపోతుంది. నిజం కాదంటే దొంగ పత్రం రాసినందుకు నన్ను ఏం చేస్తారో నా ఊహకి వదిలేశారు. నా ఊహ సంగతి మీకు తెలిసిందే.

విచారణకి రెండు రోజుల ముందు ఎస్తేరు టీచరు కుట్టడానికిచ్చిన జాకెట్టు తీసుకోవడానికి మా ఇంటికి వచ్చింది. నేను లేచి నిలబడ్డాను.

"కూర్చో మాలకొండమ్మా. కుట్టు ఆపబాక."

"టీచర్, ఆ కాగితం నేను రాయకుండా ఉంటే..."

"నువ్వు రాసిందాంట్లో తప్పేముంది? పిల్ల నా దగ్గరున్నంతసేపూ బాధ్యత నాదే. పన్ను ఊడితే నీకు చెప్పి పంపాల్సింది, అది నా తప్పే. కాకపోతే పొద్దున ఎట్టా వొచ్చిందో అట్టాగే పంపించటానికి నేనెందుకమ్మా? గేటుకి తాళం చాలు," అంది.

మిషను మీద ఉన్న యూనిఫారం చేతిలోకి తీసుకుంది. "ఇది లాస్యకా? ఇంత వొదులేంది?"

"పెరుగుద్ది గదా టీచర్. పిల్లల గుడ్డలు ఉన్న కొలతకి కుడితే ఎవురు తీసుకుంటారు? రెండేళ్ళు ముందుకి చూసుకుని కుట్టాలి. లోపల నాలుగు వేళ్ళ వెడల్పు గుడ్డ మడిచి..."

నా కాలు ఆగింది. మిషను ఆగింది. ఎస్తేరు టీచరు నా మొహం చూసి, "ఏందమ్మా, సూది గుచ్చుకుందా?" అంది.

"లేదు టీచర్. కొలత తప్పు రాశాను," అన్నాను.

విచారణకి మళ్ళీ సంచిలో చీర, దువ్వెన, పళ్ళపొడి పెట్టుకునే వెళ్ళాను. పరాంకుశం గారు కళ్ళు మూసుకుని మొదలుపెట్టారు.

"మాతృ ప్రతినిధీ! 'చదవడం రాదు' అని వ్రాసినది తామేనా?"

"నేనే సార్. కానీ తక్కువ రాశా."

ఆయన కళ్ళు తెరిచారు. "తక్కువ అనగా?"

"పిల్లకి చదవటం వొచ్చు సార్. వొచ్చని రాస్తే దిష్టి తగలదా? గేటు కాడ నలుగురు తల్లులు తొంగి చూస్తంటారు. మా పక్కింటావిడ కన్ను అసలే మంచిది కాదు. అందుకని తక్కువ చేసి రాశా."

నా జన్మలో అంత ధైర్యంగా అబద్ధం చెప్పలేదు. సగం అబద్ధమే లెండి. పక్కింటావిడ కన్ను గురించి చెప్పింది నిజం.

ఆయన రూల్సు పుస్తకం అటూ ఇటూ తిప్పారు. తల్లి చెప్పినదే ప్రమాణం. దిష్టి మీద మార్గదర్శకాలు లేవు. అంకయ్య గారు మెల్లగా, "సార్, మా ఇంట్లో కూడా పిల్ల తెల్లగా ఉందంటే మా ఆవిడ ఒప్పుకోదు. చామనఛాయ అంటది," అన్నారు.

"అటులైన, వాస్తవముగా విద్యార్థినికి తెలిసినవి ఏవి?"

"రెండో తరగతి పుస్తకం మొత్తం సార్. ఎక్కాలు పన్నెండు దాకా."

"పన్నెండు దాకా! ఏదీ పాపా, ఏడెనిమిదులు?"

లాస్య నా వైపు చూసింది, టీచరు వైపు చూసింది. "తెలీదు సార్."

"లోటు!" అని పరాంకుశం గారు కుర్చీలోంచి లేచారు.

"లోటే సార్," అన్నాను. "పొద్దున ఎక్కాలతో పంపించా. ఇప్పుడు లేవు. ఎట్టా పంపానో అట్టా నాకు తిరిగి అప్పగించాలి. టీచరుదే బాధ్యత. ఏప్రిల్ లోపల పూడ్చి ఇయ్యాల్సిందే. అప్పటిదాకా టీచరుని యాడికీ పంపించటానికి లేదు, నా ఎక్కాలు ఎవురిస్తారు?"

పరాంకుశం గారు కళ్ళు మూసుకున్నారు. మూసుకుని ఉండగానే ఆయన మొహంలో మెల్లగా వెలుగు వచ్చింది. 'లోటు పూరణ మహోద్యమం' అన్న పేరు ఆయనకి ఆ కుర్చీలోనే తట్టిందని తర్వాత పేపర్లో చదివాను. మూడో మెమో కొట్టేశారు. మొదటి రెండూ అట్లాగే ఉంచారు, వాటికి తల్లి సాక్ష్యం లేదు గనక.

మర్నాడు జాకెట్ల కోసం వచ్చిన ఆడవాళ్ళందరికీ, పిల్లల పత్రం ఎట్లా రాయాలో కొలత చెప్పాను. వారంలో బడి పిల్లలందరికీ అన్నీ వచ్చేశాయి, కాగితం మీద. ఒకావిడ ఉత్సాహంలో 'డాక్టరు చదువు వచ్చును' అని రాసింది. అంకయ్య గారు గేటు దగ్గర నిలబడి చేతులు జోడించారు. "తల్లీ, మీకు పుణ్యముంటది, ఇది అయిదో తరగతి దాకా ఉన్న బడి. ఆపైన లోటు మేం పూడ్చలేం!"

బల్ల మీది దుప్పటి తీశారు. చార్టులు తిప్పారు. లోటు పూడ్చడానికి టీచర్లు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా అరిచి అరిచి గొంతులు పోగొట్టుకున్నారు. బయటి నుంచి చూసిన వాళ్ళెవరికైనా అది చదువు చెబుతున్నట్టే కనిపించేది. పరాంకుశం గారికి ప్రమోషన్ వచ్చింది. మా బడికి తనిఖీకి మాత్రం వస్తూనే ఉన్నారు. పుట్టింటి మీద మమకారం లాంటిదేమో.

ఇంతటితో నా భయాలు పోయాయని రాస్తే అదీ అబద్ధమే అవుతుంది.

ఫిబ్రవరిలో లాస్యకి రెండో పన్ను కదలడం మొదలైంది. నాలుకతో తోస్తే ముందుకు వంగుతోంది. ఇవాళో రేపో ఊడుతుంది. బళ్ళో ఊడితే లోటు. ఏప్రిల్ లోపల కొత్తది మొలవకపోతే టీచరు ఎక్కణ్ణుంచి తెచ్చిస్తుంది? జూన్‌లో పోయినదే ఇంకా మొలవలేదు. అందుకని ఆ పొద్దున పళ్ళ గడిలో ఉన్నవి పందొమ్మిదైనా పద్దెనిమిది అని రాశాను. గుడ్డ మడిచి వదిలినట్టే గదా అనుకున్నాను.

ఎస్తేరు టీచరు లాస్య నోరు తెరిపించి లెక్కపెట్టింది. పందొమ్మిది. మళ్ళీ లెక్కపెట్టింది. కదిలే పన్ను మీద వేలు పెట్టి చూసింది. తర్వాత నన్ను చూసింది.

"పద్దెనిమిది," అని సంతకం పెట్టింది.

పది గంటలకి తెలిసింది, సాయంత్రం పరాంకుశం గారి తనిఖీ అని. మిషను ముందు కూర్చుని ఉన్నదాన్ని ఉన్నట్టే ఉండిపోయాను. పన్ను ఊడకపోతే? పద్దెనిమిదితో పంపిన పిల్ల పందొమ్మిదితో తేలితే? అదనం! మూడో మెమో! కొండ కింద నలుగురు పిల్లలు! జూన్‌లో పన్ను ఊడిందని ఏడ్చినదాన్ని, ఇప్పుడు ఊడాలని మాలకొండ స్వామికి మొక్కుకున్నాను. ఊడితే కొబ్బరికాయ కొడతాననుకున్నాను. అంబులెన్సు వెళ్ళింది. పట్టించుకోలేదు. కుట్టిన జాకెట్టుకి ఒక చెయ్యి వెనక్కి పెట్టేశాను.

నాలుగింటికి గేటు దగ్గర పరాంకుశం గారు కుర్చీ వేసుకుని కూర్చున్నారు. లాస్య వరసలో వచ్చింది. నోరు గట్టిగా మూసుకుని ఉంది.

"పళ్ళు?" అన్నారాయన.

లాస్య నోరు తెరిచి నవ్వింది. కింద రెండు కిటికీలు తెరిచినట్టు పక్కపక్కనే రెండు ఖాళీలు.

"పద్దెనిమిది," అన్నారాయన. "యథాతథం."

ఇంటికి నడుస్తూ లాస్య నా చెయ్యి ఊపుతూ చెప్పింది. "మా, ఇయ్యాల అన్నాల బెల్లప్పుడు టీచరు నాకు జామకాయ ఇచ్చింది. పచ్చిది. గట్టిగా కొరుకు, గట్టిగా కొరుకు అని పక్కనే కూర్చుంది. ఊడేదాకా కొరికిచ్చింది. కొరుకుతా కొరుకుతా ఏడో ఎక్కం కూడా చెప్పిచ్చింది."

"ఏడెనిమిదులు?" అన్నాను.

"యాభై ఆరు!"

ఇంటికొచ్చాక పత్రం మీద 'సరిపోయినది' అని సంతకం పెట్టాను. పన్ను ఏదని మాత్రం నేను అడగలేదు.